గడప దాటు హక్కు ఎవరిది?

(స్కాట్లండు స్వాతంత్ర్య సమస్యను గూర్చి పట్టణ గ్రంథాలయ పఠనమందిరమున చేసిన ప్రసంగము)



ఈ పఠనమందిరమున సాయంకాలము పత్రికలు చదువుకొను మిత్రులు కొందఱు కొన్ని దినముల క్రిందట ఒక వాదమున పడిరి. స్కాట్లండు బ్రిటిషు రాజ్యమునుండి విడిపోవలెనా, వలదా యన్నది వాదము. ఒక మిత్రుడు, "ఇందు ఆలోచించుట కేమున్నది? ఇంగ్లీషువారి పాలన వలదని మన పెద్దలు చెఱసాలలకు పోయిరి. అదే పాలన వలదని స్కాట్లండువా రనుచున్నారు. మనము వారి పక్షమున నిలువకున్న ఆగస్టు పదునైదవ తేదీని మనము చేయు జెండావందనమున కర్థమేమి?" అనెను. వేఱొక మిత్రుడు, "మూడువందల యేండ్లు కలిసి కాపురము చేసినవారు నేడు వేఱు పొయ్యి పెట్టుకొందుమనుట వివేకమా? ప్రతివారును ఇట్లే విడిపోయిన ప్రపంచమున రాజ్యము లెన్ని మిగులును?" అనెను. ఇరువురును మమ్ము చూచి, "మీరు న్యాయవాదులు కదా, తీర్పు చెప్పుడు" అనిరి.

న్యాయవాదికి తీర్పు చెప్పు నధికారము లేదు. ఉభయపక్షముల కాగితములు చదివి విషయమును న్యాయస్థానము ముందుంచుటయే వాని పని. ఈ సభయే న్యాయస్థాన మనుకొని మేము ఆ పనికి పూనుకొనుచున్నాము. అయితే మా యభిప్రాయమును దాచము. మొదటి మిత్రుడు మన చరిత్రను స్కాట్లండునకు అరువిచ్చినాడు. రెండవ మిత్రుడు కాలము గడచుటయే సమ్మతి యనుకొన్నాడు. రెండును పొరపాట్లే. విడిపోవలెనా, కలిసియుండవలెనా యను ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు స్కాట్లండు ప్రజలు. కాని ఆ ప్రశ్నను ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిని అడుగవలెనో తెలుపు నియమము లేకపోవుటయే నేటి అసలు వ్యాజ్యము. మేము చెప్పదలచిన మాట యిదియే.

ముందుగా దస్తావేజు చూతము. 1603వ సంవత్సరమున ఇంగ్లండు రాణి ఎలిజబెత్తు సంతానము లేక మరణింపగా స్కాట్లండు రాజగు ఆరవ జేమ్సు ఇంగ్లండునకు మొదటి జేమ్సు అయ్యెను. రాజు ఒక్కడయ్యెను గాని రాజ్యములు రెండు, పార్లమెంటులు రెండు, చట్టములు రెండుగనే యుండెను. ఆ శతాబ్ది చివర స్కాట్లండు వర్తకులును, భూస్వాములును పనామా భూసంధియందలి డేరియను అను చోట ఒక వలసను స్థాపింపబూని, దేశమందలి ధనములో పెద్దభాగము నందు పెట్టిరి. జ్వరములు, ఆకలి, స్పెయినువారి వైరము, ఇంగ్లీషు ప్రభుత్వపు నిరాదరణ అన్నియు కలిసి 1700 నాటికి ఆ వలస నశించెను. 1705లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టము చేసి, స్కాట్లండువారు ఒప్పందమునకు రాకున్నచో వారిని పరదేశీయులుగా నెంచుదు మనియు, వారి పశువులను, బొగ్గును, నారబట్టను ఇంగ్లండులోనికి రానీయమనియు బెదరించెను. అట్టి స్థితిలో 1706లో ఒడంబడిక కుదిరెను. ఉభయ పార్లమెంటులును దాని నామోదింపగా 1707వ సంవత్సరము మే 1వ తేదీని గ్రేటుబ్రిటను రాజ్య మేర్పడెను. స్కాట్లండునకు ప్రతిఫలముగా 3,98,085 పౌనులు ముట్టెను. అందు సగమునకు మించినది డేరియనులో సొమ్ము పోగొట్టుకొన్నవారికి పరిహారముగా పోయెను. సామాన్య ప్రజను ఎవరును అడుగలేదు. వద్దనుచు ఊళ్లనుండి అర్జీలు వచ్చెను; ఎడింబరో, గ్లాస్గో వీథులలో అల్లరులు జరిగెను.

ఇది ఎట్టి దస్తావేజు? కత్తి చూపి వ్రాయించుకొన్నదనుటకు వీలులేదు. కేవల స్వేచ్ఛతో వ్రాసినదనుటకును వీలులేదు. అప్పులపాలైన గృహస్థు ఇంట కూర్చుండి వ్రాయించుకొన్న క్రయదస్తావేజు వంటిది. చెల్లదని ఏ న్యాయస్థానమును కొట్టివేయదు; సంతోషముతో వ్రాసినాడని ఏ సాక్షియు చెప్పడు. అయితే అందొక విశేషము కలదు. స్కాట్లండు తన పార్లమెంటును వదులుకొనెను గాని తన ధర్మశాస్త్రమును, తన న్యాయస్థానములను, తన ప్రెస్బిటీరియను క్రైస్తవసంఘమును వదులుకొనలేదు. ఒడంబడికతోడనే వానికి రక్షణ కల్పించుకొనెను. సొంత చట్టము, సొంత మతసంఘము, సొంత పాఠశాలలు గల జనము, శాసనసభ లేకున్నను, జాతిగా నిలిచియే యుండెను.

ఇక మొదటి మిత్రుని వాదము. మన యొద్ద నెవరును ఒడంబడిక పుచ్చుకొనలేదు. ఒక వర్తక సంఘము సైన్యములతో వచ్చి మన భూములకు శిస్తు కట్టినది. మన యోట్లతో నెన్నికైన ప్రతినిధి యొక్కడును వెస్టుమినిస్టరులో కూర్చుండలేదు. దాదాభాయి నౌరోజీగారు 1892లో ఆ సభకు ఎన్నికైరి గాని లండను నగరపు టోటరు లెన్నుకొనగా ఎన్నికైరి. స్కాట్లండునకో, మొదటిదినముననే సామాన్యసభయందు 45 స్థానములును, ప్రభువుల సభయందు 16 స్థానములును లభించెను. సామ్రాజ్యమున వారు భాగస్వాములు. దత్తమండలములకు 1800 మొదలు 1807 వఱకు కలెక్టరుగా నుండి, తరువాత మదరాసు గవర్నరై, 1827లో పత్తికొండ గ్రామమున విషూచి జాడ్యముచే మరణించిన సర్ థామస్ మన్రో గ్లాస్గో నగరవాసి. కావలి వేంకట బొఱ్ఱయ్య సోదరుల సాయముతో మన గ్రామముల కైఫీయతులను సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ స్కాట్లండునకు వాయవ్యముననున్న లూయిస్ ద్వీపమున జన్మించినవాడు. వారివలన కలిగిన మేలును సీమవా రిప్పటికిని తలచుకొందురు, తలచుకొనవలసినదే. కాని వారు మన దేశమునకు వచ్చినది పాలకులుగా. స్కాట్లండును మనవంటి పరాధీనదేశమని చెప్పుట స్కాట్లండునకు గౌరవము కాదు. మన తాతలు పడిన కష్టమునకును గౌరవము కాదు.

పరాధీనదేశము కాకపోయినంతమాత్రమున విడిపోవు హక్కు లేదందుమా? ఇక్కడనే రెండవ మిత్రుని వాదము కుంటుపడును. 1905లో నార్వే స్వీడనునుండి విడిపోయినది. నార్వే స్వీడనునకు పరాధీనదేశము కాదు. దానికి సొంత శాసనసభయు, సొంత రాజ్యాంగమును ఉండెను. ఆ యేడు ఆగస్టు 13వ తేదీని ప్రజలను అడుగగా విడిపోవుటకు 3,68,208 ఓట్లు, వలదనుటకు 184 ఓట్లు వచ్చెను. సరిహద్దున సైన్యములు కదలినను యుద్ధము రాలేదు. 1993వ సంవత్సరము జనవరి 1వ తేదీని చెకొస్లొవేకియా రెండు రాజ్యములయ్యెను. నేడు ఆ నలుగురును ఇరుగుపొరుగుల మర్యాదతోనే యున్నారు. కనుక విడిపోవుట యనగా వైరమే యని భయపడ నక్కఱలేదు. కలిసియుండిన కాలము కలిసియుండుటకు ఒక కారణము కావచ్చును, సంకెల కారాదు.

స్కాట్లండువారి ఫిర్యాదేమి? వారి జనసంఖ్య 2022 నాటికి సుమారు 54 లక్షలు. యావద్రాజ్యమున పండ్రెండుగురిలో ఇంచుమించు ఒక్కడు స్కాట్లండువాడు. 1979 మొదలు 1997 వఱకు వెస్టుమినిస్టరులో కన్సర్వేటివు కక్షి ప్రభుత్వములే సాగెను. ఆ కాలమున జరిగిన ప్రతి ఎన్నికలోను స్కాట్లండునుండి లేబరు కక్షివారే హెచ్చుమంది గెలిచిరి. తలకింతయని విధించు పన్నును ఆ ప్రభుత్వము ఇంగ్లండునకంటె ఒక యేడు ముందుగా, 1989లోనే, స్కాట్లండున ప్రవేశపెట్టెను. ఓటు మాకు కలదు, ఓటునకు ఫలము లేదని వారి మొఱ. దీనికి ప్రతివాదమును వినవలెను. ప్రజాప్రభుత్వమున నోడిపోవు ప్రాంతము లెల్లప్పుడును కొన్ని యుండును. ఉత్తర ఇంగ్లండు గనికార్మికులును ఆ పదునెనిమిదేండ్లు అట్లే ఓడిపోయిరి. ఓడినవా రెల్లరును విడిపోవుదుమన్నచో ప్రజాప్రభుత్వమే సాగదు. ఇది సరియైన ప్రతివాదమే. కాని ఉత్తర ఇంగ్లండువారు తాము వేఱు జాతియని ఎన్నడును చెప్పలేదు. స్కాట్లండువారు 1707కు ముందును, తరువాతను అట్లు చెప్పుచునే యున్నారు. వెస్టుమినిస్టరు కూడ వారిని జాతిగనే పిలుచుచున్నది. ఒకరిని జాతియని పిలిచి, జాతికి సహజమగు ప్రశ్నను అడుగవలదనుట పొసగునా?

ఆ ప్రశ్న నడిగిన చరిత్రయు విచిత్రమైనదే. ఉత్తరసముద్రమున చమురు దొరకిన తరువాత స్కాటిషు నేషనలు కక్షికి బలము పెరిగి 1974 అక్టోబరు ఎన్నికలో 11 స్థానములు లభించెను. వెస్టుమినిస్టరు స్కాట్లండున కొక శాసనసభ నిచ్చుటకు అంగీకరించి, 1979 మార్చి 1వ తేదీని ప్రజాభిప్రాయ సేకరణ జరిపెను. ఓటు వేసినవారిలో నూటికి 51.6 మంది కావలెననిరి. అయినను సభ రాలేదు. ఏలయన, మొత్తము ఓటర్లలో నూటికి 40 మంది సమ్మతింపవలెనని చట్టమున నొక షరతు చేర్చిరి; సమ్మతించినవారు నూటికి 32.9 మందియే తేలిరి. ఇంటనుండి కదలనివారును 'వలదు' అన్నవారితోపాటు లెక్కకు వచ్చిరి. పదునెనిమిదేండ్ల తరువాత 1997 సెప్టెంబరు 11వ తేదీని తిరిగి అడుగగా నూటికి 74.3 మంది కావలెననిరి. 1999లో 129 సభ్యులతో ఎడింబరోలో స్కాటిషు పార్లమెంటు తిరిగి కూడెను.

2011లో నేషనలు కక్షి ఆ సభయందు 69 స్థానములు గెలిచి, స్వాతంత్ర్యమును గూర్చి ప్రజల నడుగవలెనని కోరెను. బ్రిటిషు ప్రధాని డేవిడ్ కామెరాను అడ్డు చెప్పలేదు. 2012 అక్టోబరు 15వ తేదీని ఆయనయు, స్కాట్లండు ప్రథమమంత్రి అలెక్స్ సాల్మండును ఎడింబరోలో ఒక ఒప్పందముపై సంతకములు చేసిరి. సూటియైన ప్రశ్న ఒకటే. పదునాఱేండ్లు నిండినవారికెల్ల ఓటు. ఫలితమును ఉభయులును మన్నింపవలెను. 2014 సెప్టెంబరు 18వ తేదీని ఓటర్లలో నూటికి 84.6 మంది వచ్చి ఓటు వేసిరి. స్వాతంత్ర్యము కావలెనన్నవారు 16,17,989 మంది. వలదన్నవారు 20,01,926 మంది. అనగా నూటికి 44.7, 55.3. ఓడిన ప్రథమమంత్రి మఱునాడే రాజీనామా ప్రకటించెను. మూడువందల యేండ్ల రాజ్యము నిలుచునో విఱుగునో తేల్చిన ఆ దినమున ఒక్క తుపాకి పేలలేదు. ఈ విషయమును మనము ముమ్మాఱు తలచుకొనవలెను.

ఓడిన పక్షము దేనివలన నోడినది? లెక్కలవలన నోడినది. విడిపోయినచో ఏ నాణెము వాడుదురని అడిగిరి. పౌనునే వాడుదుమని వారనిరి. పౌనును మీతో పంచుకొనమని లండనులోని ముఖ్య కక్షులు మూడును 2014 ఫిబ్రవరిలోనే చెప్పివేసెను. అప్పుడు మీ మార్గమేదని అడుగగా తృప్తికరమగు జవాబు రాలేదు. 2008లో స్కాట్లండు బ్యాంకులు కూలబోగా బ్రిటిషు ఖజానా సుమారు 4,500 కోట్ల పౌనులు ఒక్క రాయలు బ్యాంకు ఆఫ్ స్కాట్లండులోనే పెట్టి నిలబెట్టినది. రేపు అట్టి సంకటము వచ్చిన మీ ఖజానా ఆ బరువు మోయగలదా యని అడిగిరి. చమురు మా కాధారమని వారనిరి. ఆ యేడు జూనులో పీపా నూఱు డాలర్లకు పైగా పలికిన చమురు, 2015 జనవరి నాటికి ఏబది డాలర్లకు లోపల పడిపోయెను. ఓటు తరువాతి యేటి ముచ్చటయే యైనను, ఒక్క సరుకు ధరపై సంసారము నడుపజూచువాని కిది మంచి పాఠము. క్లైడు తీరమున ఫాస్లేనులోనున్న అణ్వస్త్ర జలాంతర్గాముల గతి యేమన్నది మఱియొక ప్రశ్న. వానిని తొలగింతుమనుట నేషనలు కక్షి పట్టుదల. ఇవి యన్నియు భయపెట్టుటకు చెప్పిన మాటలని త్రోసివేయుట తగదు. వేఱు పడువాడు అప్పు, ఆస్తి, నాణెము, సరిహద్దు అను నాలుగు లెక్కలును చూపవలెను. కోరిక యెంత న్యాయమైనను లెక్క చూపు బాధ్యత తప్పదు.

కథ అక్కడ ముగిసినచో మేము నేడిట్లు మాటలాడవలసిన పని లేదు. 2014లో కలిసియుండుడన్నవారు చెప్పిన కారణములలో నొకటి యేమనగా, బ్రిటనుతో నున్ననే మీరు ఐరోపా సమాఖ్యలో నిశ్చయముగా నుందు రనునది. రెండేండ్లు తిరుగకముందే, 2016 జూను 23వ తేదీని, ఆ సమాఖ్యనుండి వైదొలగవలెనా యని బ్రిటనంతటిని అడిగిరి. స్కాట్లండున నూటికి 62 మంది ఉండవలెననిరి. రాజ్యమంతయు కలిపి చూడగా నూటికి 51.9 మంది పోవలెననిరి. 2020 జనవరి 31వ తేదీని స్కాట్లండు తా నొప్పని మార్గమున ఐరోపా సమాఖ్య బయటకు వచ్చెను. ఒప్పందపు ఆధారము మారినప్పుడు తిరిగి ఆలోచింపు మనుట న్యాయమే కదా! అయితే మఱియొక చిక్కును దాచరాదు. స్కాట్లండు ఎగుమతులలో నూటికి సుమారు అఱువది వంతులు బ్రిటనులోని తక్కిన భాగములకే పోవుచుండెనని 2019 నాటి లెక్క. స్కాట్లండు విడిపోయి ఐరోపా సమాఖ్యలో చేరినచో ఇంగ్లండు సరిహద్దున సుంకపు ఠాణాలు లేవవలసివచ్చును. 2016 తరువాత స్వాతంత్ర్యమునకు కారణము బలపడినది. దాని వెలయు పెరిగినది.

స్కాట్లండు ప్రభుత్వము తిరిగి ప్రజల నడుగబోగా బ్రిటిషు ప్రభుత్వము ఈమాఱు అనుమతింపలేదు. అనుమతి లేకయే అడుగవచ్చునా యని వ్యాజ్యము పోయెను. 2022 నవంబరు 23వ తేదీని బ్రిటిషు సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. 1998వ సంవత్సరపు స్కాట్లండు చట్టము ఉభయరాజ్యముల ఐక్యతను వెస్టుమినిస్టరునకే ప్రత్యేకించినది. కనుక ఎడింబరో సభ తనంతట ఇట్టి ఓటు జరుపజాలదు. అంతర్జాతీయ న్యాయము క్రింద స్వయంనిర్ణయ హక్కు కలదను వాదము నొప్పలేదు. ఆ హక్కుచే విడిపోవుట పరాధీన జాతులకును, పీడిత జాతులకును వర్తించును గాని స్కాట్లండునకు వర్తింపదనిరి. తీర్పు చెప్పిన పీఠమునకు అధ్యక్షులగు లార్డు రీడుగారును స్కాట్లండు దేశీయులే. చట్టము చదివినవారమగుటచే ఆ తీర్పు తప్పని మేము చెప్పజాలము. చట్టములోని మాటకు అదే యర్థము.

కాని తీర్పు సరియైనదగుటచేత స్థితి సరియైనది కాదు. గడియ ఎడింబరో చేతిలో లేదని న్యాయస్థానము చెప్పినది. వెస్టుమినిస్టరు చేతిలో నున్నదని తేలినది. ఆ గడియ నెప్పుడు తీయుదురు? శాసనసభలో ఆధిక్యము వచ్చినప్పుడా? ఎన్ని యేండ్లు గడచినప్పుడు? చట్టము చెప్పదు, మంత్రులును చెప్పలేదు. అదే రాజ్యములో ఉత్తర ఐర్లండు సంగతి చూడుడు. 1998వ సంవత్సరపు ఉత్తర ఐర్లండు చట్టమున స్పష్టముగా వ్రాసియున్నది: ఐర్లండుతో నేకము కావలెనని హెచ్చుమంది కోరుదురని మంత్రికి తోచినచో ఆయన ఓటు జరిపి తీరవలెను, ఒకమాఱు జరిగిన ఏడేండ్లలోపల తిరిగి జరుపరాదు. ఆ గడప ఎట్లు దాటవలెనో ముప్పదియేండ్ల రక్తపాతము తరువాత వ్రాసిరి. రక్తము చిందింపక ఓట్లపెట్టె నమ్ముకొన్న స్కాట్లండునకు మాత్రము వ్రాయలేదు. శాంతముగా నుండువానికంటె కొట్లాడినవానికే చట్టము గౌరవమిచ్చునను నీతిని ఏ రాజ్యమును తన ప్రజలకు నేర్పరాదు.

కెనడా దేశము ఇంకొక మార్గము చూపినది. క్విబెకు రాష్ట్రమున 1995లో జరిగిన ఓటున విడిపోవలదన్నవారు నూటికి 50.58 మంది మాత్రమే. 1998లో కెనడా సుప్రీముకోర్టు ఉభయులకును నచ్చని మాట, అనగా న్యాయమైన మాట, చెప్పినది. క్విబెకు తనంతట విడిపోజాలదు. కాని స్పష్టమగు ప్రశ్నకు స్పష్టమగు ఆధిక్యముతో ప్రజలు విడిపోవుదుమన్నచో తక్కిన కెనడా వారితో సంప్రదింపులకు కూర్చుండి తీరవలెను. ఒకరికి వీటో లేదు. ఇంకొకరికి తొందరపాటు లేదు.

మా వృత్తిలో నిత్యము చూచు ఉపమాన మొకటి చెప్పెదము. మితాక్షర న్యాయమున ఉమ్మడి కుటుంబములోని భాగస్థుడు, తాను వేఱుపడుదునని స్పష్టముగా తక్కినవారికి తెలియజేసినచో ఉమ్మడిస్థితి తెగును. అన్నగారి యనుమతి కొఱకు వాడు వాకిట పడిగాపులు కాయ నక్కఱలేదు. కాని పొలము, ఇల్లు, అప్పు పంచుకొనుటకు మాత్రము లెక్కలు కట్టవలెను; పెద్దమనుషులో, న్యాయస్థానమో మధ్యనుండవలెను. సంకల్పము వానిది, పంపకము అందఱిది. ఉపమానము పూర్తిగా సరిపోదని మాకు తెలియును. కుటుంబమున వేఱుపడువాడు తనకొఱకు మాత్రమే వేఱుపడును. జాతిలోనో, నూటికి నలుబదియైదుగురు పోదమనగా ఏబదియైదుగురు ఉందమనిరి. వారందఱును ఒకే వీథివారు, ఒక్కొక్కప్పుడు ఒకే కంచమున తిన్నవారు. కనుక ఆ సంకల్పము స్పష్టమని తేల్చుకొనుటకు ఓటు తప్ప వేఱు మార్గము లేదు. ఆ ఓటునకు నియమము లేకుండుట ఎవరికిని మేలు కాదు.

దీనిపై ఆక్షేపణ కలదు. ద్వారము తెఱచియుంచినచో ఐదేండ్లకొకమాఱు ఇదే రగడ, వర్తకము సాగదు, మైత్రి నిలువదు అందురు. నిజమే. దానికి మందు ద్వారమును మూయుట గాదు, గడువు విధించుట. ఏడేండ్లో, పదునైదేండ్లో, ఎంతయైనను అది ముందుగా వ్రాసి యుండవలెను. ఎంత ఆధిక్యము చాలునను ప్రశ్నయు కలదు. 2006లో మాంటెనీగ్రో నూటికి 55 అను షరతునకు ఒప్పుకొని 55.5తో విడిపోయినది. ఏ షరతైనను ఆటకు ముందు ఉభయులును ఒప్పుకొన్నది కావలెను. 1979 నాటివలె ఒకరు విధించినది కారాదు. 2016 ఓటు నేర్పిన పాఠ మింకొకటి కలదు. పోవుదురా యని అడిగిరి గాని ఎట్లు పోవుదురో చెప్పలేదు. తరువాత మూడున్నరేండ్లు పార్లమెంటు ఆ 'ఎట్లు' అనుదానిపైననే తగవులాడెను. కనుక ప్రజ విడిపోవుదుమన్నను, కుదిరిన షరతులను తిరిగి ప్రజ ముందుంచుట వివేకమని మా యభిప్రాయము.

లెక్కల కష్టమును మన కెవరును చెప్ప నక్కఱలేదు. స్కాట్లండు ఓటు జరిగిన 2014లోనే, జూను 2వ తేదీని, తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. రెండింటిని ఒక్కటిగా చూచువారు కలరు; అది పొరపాటు. 1953 నాటి ఆంధ్రరాష్ట్రము గాని, 2014 నాటి తెలంగాణము గాని భారతరాజ్యమునుండి వెలికి పోవుటకై కోరినవి కావు. ఒకే రాజ్యాంగము క్రింద, మూడవ అధికరణము ప్రకారము, ఇంటిలో గదులు మార్చుకొన్న ఏర్పాట్లు. అయినను చూడుడు. నాణెము ఒకటే, సైన్యము ఒకటే, సుంకపు ఠాణా లేదు. అట్లుండియు విభజన చట్టపు తొమ్మిదవ, పదవ షెడ్యూళ్లలోని సంస్థల పంపకము పదియేండ్లు నిండునాటికిని పూర్తిగా తేలలేదు. కృష్ణాజలముల తగవు మనమెఱిగినదే. గదుల పంపకమే యింత కష్టమైనప్పుడు ఇల్లు పంచుకొనువారు ఎంత జాగ్రత్త పడవలెనో ఊహింపుడు.

కనుక మిత్రు లిరువురకును మా మనవి యిది. మొదటి మిత్రుడా, స్వాతంత్ర్యము అను మాట వినినంతనే మన హృదయ ముప్పొంగుట సహజము. ఆ ఉప్పొంగు వారి లెక్కలకు బదులు కాజాలదు. 2024 జూలై ఎన్నికలో స్కాట్లండు ప్రజలే నేషనలు కక్షికి వెస్టుమినిస్టరులోని 57 స్థానములలో 9 మాత్రమే ఇచ్చిరి. అందఱును ఒక్కమాటపై నున్న జాతి కాదది, ఆలోచించుచున్న జాతి. రెండవ మిత్రుడా, మూడువందల యేండ్ల కాపుర మను మాట మంచిదే. కాని తలుపు తెఱచియుండగా లోపల నున్నవానినే కాపురము చేయుచున్నాడందుము. తలుపునకు బయట గడియపెట్టి లోపలివాని సమ్మతిని పొగడుట న్యాయము కాదు.

2014లో స్కాట్లండు ప్రజలు 'ఉందుము' అనిరి. ఆ మాటకు విలువ వచ్చినది 'పోవుదుము' అనుటకును వారికి వీలుండుటచేతనే. ఐక్యతను ప్రేమించువారు ఆ వీలును కాపాడవలెను. స్వాతంత్ర్యమును ప్రేమించువారు లెక్కలను కాపాడవలెను. ఈ రెండు పనులును ఎవరెవరు చేయుచున్నారో చూచి మీ తీర్పు మీరే చెప్పుకొనుడు. పత్రికలు ఈ బల్లపైననే యున్నవి. ఒక పక్షమువారివి చదివినవారు రెండవ పక్షమువారివి చదువక లేవవలదని మాత్రము కోరుచున్నాము.